పెన్సిల్ వదిలి లినోకట్‌కూ టాబ్లెట్‌కూ పోతే నా శైలి పోతుందా?

ప్రశ్న (కుదించి): హనుమకొండలో ఉంటాను. కాలేజీ రోజుల నుంచి పెన్సిల్, చార్‌కోల్‌తో పోర్ట్రెయిట్లు వేస్తున్నాను, ఆర్డర్లు కూడా బాగానే వస్తున్నాయి. ఈమధ్య అవే గీస్తుంటే విసుగొస్తోంది. టాబ్లెట్ కొన్నాను, లినోకట్ (మెత్తటి లినోలియం పలకను కోసి, ఇంకు పూసి అచ్చు తీసే పని) నేర్చుకోవాలని ఉంది, మట్టి పని మీద కూడా మనసు పోతోంది. "ఒక్కదాని మీదే ఉండు, లేకపోతే దేనికీ కాకుండా పోతావు" అని తెలిసినవాళ్లు అంటున్నారు. మాధ్యమం మారిస్తే ఇన్నాళ్లూ సంపాదించుకున్న శైలి పోతుందా సార్? ఎప్పుడు మారాలి, ఎట్లా మారాలి?

సమాధానం:

తమ్ముడూ, కొంత పోతుంది. "ఏం పోదు, దూకెయ్" అనేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పోయేది ఏది, మిగిలేది ఏది అన్నది తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఈ ఊళ్లోనే దుకాణాల బోర్డులు, గోడ రాతలు, లారీల వెనక రాతలతో మొదలుపెట్టాను. తర్వాత బడిలో డ్రాయింగ్ సారునయ్యాను. వాటర్ కలర్, యాక్రిలిక్, లినోకట్, కొంత ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి, ఆసిడ్‌తో తినిపించి అచ్చు తీయడం), టెర్రకోట (కాల్చిన మట్టి పని) చేశాను. రిటైరయ్యాక మనవరాలి టాబ్లెట్ కూడా పట్టాను. అన్నిట్లోనూ ఆరితేరానని చెప్పను గానీ, ఒకదాని నుంచి ఇంకోదానికి పోయినప్పుడు కంటికీ చేతికీ ఏమవుతుందో మాత్రం దగ్గరగా గమనిస్తూ వచ్చాను.

నాకు అర్థమైంది ఇది: మాధ్యమం మారితే అన్నిటికన్నా ముందు మారేది నిర్ణయాల వరుస. ఏది ముందే తేల్చుకోవాలి, ఏది చివరిదాకా వాయిదా వేసుకోవచ్చు, ఎక్కడిదాకా పోయాక వెనక్కి రాలేం అన్నవి ఒక్కో మాధ్యమంలో ఒక్కో తీరు. మనం శైలి అని మురిసిపోయేదాంట్లో పెద్ద భాగం ఆ వరుసకు అలవాటు పడిన చెయ్యే.

నీ పెన్సిల్ పనే తీసుకో. కంటి మూల దగ్గర మొదలుపెట్టి మెల్లగా చెంప మీదికి, అక్కణ్నుంచి జుట్టులోకి పోవచ్చు. నీడ ఎంత ముదురుండాలో చివరిదాకా తేల్చకపోయినా నడుస్తుంది. వెలుగు కావాలంటే రబ్బరుతో లేపుకుంటావు. వాటర్ కలర్‌లో ఆ వెసులుబాటు లేదు. అక్కడ తెలుపంటే కాగితమే. ముక్కు మీద మెరుపు ఎక్కడుండాలో మొదటి వాష్ (పలుచటి రంగు పూత) వేయకముందే తేల్చుకొని, ఆ చోటును తడి తగలకుండా కాపాడుకోవాలి. యాక్రిలిక్‌లో, ఆయిల్‌లో అదే మెరుపు అన్నిటికన్నా చివర పెట్టే చుక్క. లినోలో నువ్వు కోసిన ప్రతి చోటూ తెలుపవుతుంది, ముట్టుకోకుండా వదిలేసిందే నలుపు, పైగా బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎచింగ్‌లో జింక్ ప్లేటు ఆసిడ్‌లో ఎంతసేపుంటే గీత అంత లోతు తింటుంది, అచ్చులో అంత నల్లగా పడుతుంది. అంటే గీత బలాన్ని తేల్చేది గడియారం. వేసేది అదే ముఖం, వేసేవాడివి నువ్వే, కానీ పనికి కూర్చోగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ప్రతిచోటా వేరే.

బోర్డుల పనిలో ఆ మొదటి ప్రశ్న జాగా. రేకు మీద దారం కొట్టి, అక్షరాలు లెక్కపెట్టి, సుద్దతో లేతగా గుర్తులు పెట్టుకున్నాకే ఎనామెల్ డబ్బా మూత తీయాలి. తెలుగుకు ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య బుద్ధిగా ఇమిడిపోతాయి. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. "శ్రీ లక్ష్మీ" అని రాయాలంటే పైనా కిందా గాలి వదలాలి, లేకపోతే ఒత్తు పోయి కింది వరుసలోని ఫోన్ నంబరు మీద కూర్చుంటుంది. దుకాణం సేటు పక్కనే కుర్చీ వేసుకొని చూస్తుంటాడు, చెరిపి రాసే ముచ్చటే లేదు.

ఆ పని మానేసి ఎన్నో ఏళ్లయినా, వాటర్ కలర్ కాగితం ముందు కూర్చుంటే నా కన్ను ముందు ఖాళీనే కొలుస్తుంది. "మీ బొమ్మల్లో ఊపిరాడుతుంది సార్" అంటారు చూసినవాళ్లు. అది నాకు రేకు నేర్పింది. ఫ్లాట్ బ్రష్‌తో ఒక్క ఊపులో సున్నా చుట్టే నైపుణ్యం మాత్రం పోయింది, ఇప్పుడు చుట్టమంటే గుమ్మడికాయలా వస్తుంది. నీకూ ఇట్లాంటిదే జరుగుతుంది. చెంప మీద మెత్తగా నీడ పరిచే పనితనం నీతో పాటు లినోలోకి రాదు. ఒక మనిషి పోలిక ముఖంలో ఎక్కడ దాగుందో, పెదవి మూలలోనా, కనుబొమల మధ్య దూరంలోనా అని పసిగట్టే కన్ను వస్తుంది. వచ్చేదే నీ సొంత ఆస్తి. రానిది పెన్సిల్‌ది.

ఫ్లెక్స్ వచ్చినప్పుడు మా లైన్ మొత్తానికి ఈ పరీక్ష ఒకేసారి పెట్టినట్టయింది. కొందరు ఇళ్ల పెయింటింగ్‌కు పోయారు, కొందరు వేరే పనులు చూసుకున్నారు, కొందరు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్లు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి తంటాలు పడ్డారు గానీ, పోయే బస్సులోంచి కూడా చదవగలిగే ఫ్లెక్సులు చేసింది వాళ్లే. పిల్లలకు ఫాంట్లు మస్తు తెలుసు. ఏ అక్షరం ఎంత దూరానికి ఆగుతుందో తెలియదు. ఇది నా పక్షపాతం అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

నీకు వీలైతే ఒక ఆదివారం పాలంపేటకు పోయి రామప్ప గుడి చూడు, ఈసారి పనివాడి కళ్లతో. 1213లో, గణపతిదేవుడి కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చాలామంది తేలే ఇటుకల గురించి మాట్లాడుకొని వెనక్కి వచ్చేస్తారు. నువ్వు రాళ్లు చూడు. గోడలు ఎర్రటి ఇసుకరాయి. మదనికలు (చూరు కింద నిలిచిన ఆడ శిల్పాలు), లోపలి స్తంభాలు డోలరైట్ అనే నల్లరాయి. ఇసుకరాయి రేణువు రేణువుగా రాలే రాయి, మరీ సన్నంగా తీస్తే అంచు నిలవదు, ఎండకూ వానకూ అరుగుతుంది. దాని మీద చేసేది దూరం నుంచి తెలిసే పని. డోలరైట్ గట్టిది, కణం సన్నది. చెక్కడానికి ప్రాణం పోతుంది కానీ ఒకసారి తీసిన గీత చెదరదు, నునుపు తేల్చితే ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా మెరుస్తుంది. మదనికల ఒంటికీ నగలకూ మధ్య సన్నటి సందులు తీయగలిగింది ఆ రాతిలో కాబట్టే.

ఒకే గుడిలో, ఒకే కాలంలో, రెండు రాళ్లకు రెండు రకాల ఆలోచన. ఇసుకరాయితో నల్లరాతి పని చేయిస్తానని అక్కడ ఎవరూ మొండికేయలేదు. అయినా ఏ మూల చూసినా కాకతీయుల పనేనని తెలిసిపోతుంది. శైలి పోతుందేమోనని భయపడేవాళ్లందరినీ నేను అక్కడికే పంపిస్తాను.

అక్కడే ఇంకో గమ్మత్తు ఉంది. ఆ శిల్పాల్లో చాలా వరకు నాట్య భంగిమలే. గణపతిదేవుడి దగ్గర గజసేనానిగా ఉన్న జాయప సేనాని నృత్తరత్నావళి అని సంస్కృతంలో నాట్యశాస్త్రం రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ ఆధారం చేసుకొని పేరిణి నాట్యాన్ని మళ్లీ మనిషి ఒంటి మీదికి తెచ్చారు. ఆలోచించు, రాయి ఒక్క క్షణాన్ని పట్టి ఉంచుతుంది. దానికి ముందు అడుగేమిటి, తర్వాత అడుగేమిటి అన్నది చెప్పదు. రెండు భంగిమల మధ్య ఉన్నదంతా నాట్యం చేసేవాడు తేల్చుకోవాలి. నువ్వు పెన్సిల్ బొమ్మను లినోలోకి తెచ్చినప్పుడు కూడా పాతది చెప్పలేని చోటు ఒకటి వస్తుంది. అక్కడ నకలు ఆగిపోతుంది, నువ్వే ఏదో ఒకటి చేయక తప్పదు.

చేర్యాల నకాషీ పని, అంటే బట్ట మీద కథల పటాలు వేసే పని, కూడా చెప్పాలి, ఎందుకంటే మాధ్యమం అంటే రంగూ బట్టా మాత్రమే అనుకునేవాళ్లకు అది మంచి మందు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లా, మా తరానికి అది వరంగల్ జిల్లానే. ఖద్దరు బట్టకు గంజి, తెల్ల సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక నీళ్లు కలిపి పూత మీద పూత వేసి ఆరబెట్టి, దాని మీద బొమ్మలు దించేవాళ్లు. మూడడుగుల వెడల్పు, పొడవు నలభై యాభై అడుగుల దాకా. ఆ పటం గోడకు తగిలించుకునేందుకు చేసింది కాదు. కులపురాణం చెప్పేవాళ్లు ఊరి నడుమ నిలబెట్టి, ఒక్కో అర చూపించుకుంటూ రాత్రుళ్లు కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, ఇట్లా ఒక్కో కులానికి ఒక్కో పటం. బొమ్మ వెనక ఎర్ర రంగు, నల్లటి గీత, పెద్ద పెద్ద కళ్లు ఎందుకున్నాయంటే, నా లెక్కలో, దూరంగా కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలియాలి కాబట్టి.

సినిమాలు, టీవీలు వచ్చి కథ వినేవాళ్లు తగ్గాక పెద్ద పటాలు చేయించేవాళ్లూ తగ్గారు. నకాషీ కళాకారులు చట్రంలో ఇమిడే చిన్న పటాలకు, రంపపు పొట్టూ చింతగింజల ముద్దతో చేసే మాస్కులకు మళ్లారు. రంగులేమో చాలావరకు దుకాణంలో దొరికేవే. ఇప్పుడు చూడు ఏం మారిందో. నలభై అడుగుల పటంలో ముందు ఇది, తర్వాత ఇది అని కథను పరచవచ్చు. ఒక్క చట్రంలో అది కుదరదు, ఒక్క ఘట్టాన్నే ఎంచుకోవాలి. అందుకే కల్లు గీసే గౌడన్న, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, ఎడ్లబండి వంటివి ఎక్కువయ్యాయి. పురాణం తెలియని బెంగళూరు మనిషి కూడా కొనుక్కొని గోడకు పెట్టుకోగలడు. దీన్ని దిగజారుడు అనేవాళ్లున్నారు, నేనైతే అనను, బతకాలంటే మారాల్సిందే. కానీ ఒక నష్టం ఉంది. పాత పటం పక్కన మాట్లాడే మనిషి ఒకడుండేవాడు, కాబట్టి బొమ్మ అన్నీ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఆ బరువంతా బొమ్మ మీదే పడింది.

కాబట్టి నువ్వు టాబ్లెట్‌కు పోతున్నానంటే గాజు పలక మీద గీయడానికి మాత్రమే పోవడం లేదు. ఇప్పటిదాకా నీ పోర్ట్రెయిట్‌ను ఒక ఇంట్లో ఒక కుటుంబం ఏళ్ల తరబడి చూస్తోంది. రేపు అరచేతిలో ఫోన్ పట్టుకొని, బొటనవేలు ఆగినంతసేపు చూస్తారు. ఆ చూపుకు కూర్పు వేరే ఉండాలి. సన్న గీతలు కనబడవు, ముదురు లేత తేడా గట్టిగా ఉండాలి.

"ఒక్కదాని మీదే ఉండు" అన్న మాటకు వస్తాను. చిత్రకారుడు తోట వైకుంఠం గారు 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఆయన పేరు చెప్పగానే అందరికీ నిండు ఎరుపు చీరలు, పెద్ద బొట్లు, నల్లటి నిగనిగలాడే తెలంగాణ ఆడవాళ్లు గుర్తొస్తారు. ఆ రంగులకు ముందు పెన్సిల్, చార్‌కోల్ పని బోలెడు ఉంది. మధ్యలో 1988 నాటి "దాసి" సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తీసుకున్నారు. లక్ష్మాగౌడ్ గారు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టారు. ముందు ఎచింగ్‌లతో పేరు వచ్చింది. తర్వాత రంగులు, టెర్రకోట, సిరామిక్, కంచు, గాజు వెనక వేసే బొమ్మలు, అన్నిట్లోకీ పోయారు. ఎక్కడికి పోయినా మేకలు, చెట్లు, పల్లె మనుషులు ఆయన వెంటే ఉన్నారు. ఆయన టెర్రకోట ముఖాలు చూసినా నాకు ఎచింగ్ సూది గీతే ముందు కనబడుతుంది.

వీళ్లిద్దరూ బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గర చదువుకున్నవాళ్లే. ఆ గురువు ఏం చేయలేదని! చేనేత బోర్డులో డిజైన్ పని, పిల్లలాడుకునే బొమ్మలు, 1963లో లక్నో రవీంద్రాలయం గోడకు టెర్రకోట మ్యూరల్, గాజు మీద పెయింటింగ్, ఇంకా రాతలు. ఆయన గురువుల్లో ఒకరైన వినోద్ బిహారీ ముఖర్జీకి 1957లో చూపు పూర్తిగా పోతే, కాగితం ముక్కలు కత్తిరించి అతికించి బొమ్మలు చేశారు, వేళ్లతో తడుముతూ నమూనాలు చేసి 1972లో శాంతినికేతన్ కళాభవన్‌కు టైల్స్ మ్యూరల్ కూడా ఇచ్చారు. విసుగొచ్చి మారేవాళ్లున్నట్టే, ఒళ్లు సహకరించక మారేవాళ్లూ ఉంటారు. నా దాకా వస్తే, సన్న బ్రష్ కొన వణకడం మొదలయ్యాకే మట్టి మీద ప్రేమ పెరిగింది, దాచుకోవడమెందుకు.

అయితే వాళ్లెవరూ నెలకొకటి మార్చలేదు. ఒక్కో దాంట్లో ఏళ్లు గడిపారు. నిన్ను హెచ్చరించేవాళ్ల భయంలో ఆ మేరకు నిజముంది.

మారే ముందు ఒక పరీక్ష పెట్టుకో. నీ ఆర్డర్లన్నీ ఫోన్‌లో పంపిన ఫోటో చూసి గీసేవే అయి ఉంటాయి. ఫోటోలో వెలుగు ఎటు నుంచి రావాలో, ఎక్కడ కోయాలో, ముఖం ఎటు తిరగాలో కెమెరా ముందే తేల్చేసింది. నీకు మిగిలింది నింపడం. నింపే పనికి ఎవరికైనా విసుగొస్తుంది. నాలుగు వారాలు ఫోటో ముట్టకుండా, ఎదురుగా కూర్చున్న మనుషులను అదే పెన్సిల్‌తో గీయి. ఇంట్లో అమ్మమ్మను, చాయ్ దుకాణంలో కూర్చున్నవాళ్లను, కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం చూస్తున్నవాళ్లను. మనిషి కదులుతాడు, కాబట్టి ఏది ముందు పట్టుకోవాలో నువ్వే తేల్చుకోవాలి. విసుగు పోయిందంటే సమస్య ఫోటోది, పెన్సిల్‌ది కాదు, లినోకు తొందరేం లేదు. చెయ్యికి జవాబు ముందే తెలిసిపోతోంది, బతికున్న మనిషి ముందు కూడా అదే మెత్తటి నీడ దానంతటదే వచ్చేస్తోంది అనిపిస్తే, మారు.

మారితే ముందు లినోకే పో, టాబ్లెట్ పక్కన పెట్టు. టాబ్లెట్‌లో పెన్సిల్ పేరుతోనే బ్రష్ ఉంటుంది. నువ్వు దాన్నే పట్టుకొని పాత పోర్ట్రెయిటే వేస్తావు, మారానని అనుకుంటావు. లినో నీ అలవాట్లన్నిటికీ అడ్డం తిరుగుతుంది. మొదటి బొమ్మకు ఆర్డరిచ్చినవాళ్ల ముఖం తీసుకోకు. బాగా ముడతలున్న ముసలి ముఖం తీసుకో, ముడత ఎక్కడుంటే కోత అక్కడికి తోవ చూపిస్తుంది. పడుచు ముఖంలో అంతా నునుపు, అది లినోలో చాలా కష్టం.

ముందు కాగితం మీద లావు నల్ల మార్కర్‌తో వేయి. కళ్లు చికిలించి ముఖాన్ని చూస్తే మధ్య ఛాయలు మాయమై ముదురూ లేతా మాత్రమే మిగులుతాయి. ప్రతి చోటుకూ నలుపా తెలుపా అని ఒక్కటే ప్రశ్న. బూడిద రంగు లేదు. కావాలంటే పక్కపక్కన సన్న కోతలు కోసి తెచ్చుకోవాలి, ఆ కోతలు ఎటు పోవాలన్నది కూడా నువ్వే తేల్చాలి. చెంప గుండ్రన వెంట పోతే ఒక ముఖం, అడ్డంగా పోతే ఇంకో ముఖం. నీ కొత్త శైలి అంటూ ఏదైనా వస్తే ఆ కోతల దారిలోనే వస్తుంది, నా మాట గుర్తుపెట్టుకో.

పని విషయాలు కొన్ని. చలికాలంలో లినో బిరుసెక్కి ముక్కలుగా లేస్తుంది, కాసేపు ఎండలో పెడితే మెత్తబడి కటర్ సాఫీగా పోతుంది. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ కటర్ వెనకే ఉండాలి, ముందుకు రాకూడదు. మొద్దుబారిన కటర్ జారుతుంది, వేలు తెగేది దాంతోనే. మన ఎండాకాలంలో నీళ్లతో కలిసే ఇంకు రోలర్ మీదే ఆరిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో ఆయిల్ ఇంకు వాడు, లేదా తెల్లవారుజామున ప్రింట్ తీయి. ప్రెస్ లేదని ఆగకు. పలుచటి కాగితం పరిచి చెంచా వెనక వైపుతో ఓపిగ్గా రుద్దితే మంచి అచ్చే వస్తుంది. బొమ్మలో అక్షరాలుంటే తిప్పి రాసుకోవడం మర్చిపోకు, తెలుగు ఒత్తులు తిప్పి కోయడం మా బోర్డు ఆర్టిస్టులకే చెమటలు పట్టించింది. ఒకే బ్లాకును కోసుకుంటూ రంగు మీద రంగు అచ్చేసే రిడక్షన్ పద్ధతి తర్వాత చూసుకో. అందులో ఒక రంగు వేసి ముందుకు కోశాక ఆ రంగుకు మళ్లీ తిరిగి పోయే దారి ఉండదు.

లినో కొంత వంటబట్టాక టాబ్లెట్ తీయి. దానికి ఇబ్బంది తలకిందులు. అక్కడ ఏ నిర్ణయమూ శాశ్వతం కాదు. అన్‌డూ ఉంది, లేయర్లున్నాయి, కనురెప్ప వెంట్రుక దాకా జూమ్ ఉంది. మెరుపు ముందా చివరా అన్నది ఎవరూ అడగరు. అందుకే డిజిటల్ బొమ్మలు చాలావరకు ఎక్కడ చూసినా ఒకే నిగారింపుతో, ఎక్కడా ఆగకుండా ఉంటాయి. నువ్వే కట్టుబాట్లు పెట్టుకోవాలి. ఒకే లేయర్, మూడు రంగులు, జూమ్ లేదు, ఇట్లా. ప్రింట్ తీయాలనుకుంటే మొదట్లోనే సైజు పెట్టు. ఏ3 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే దాదాపు 3508 × 4961 పిక్సెళ్లు, చిన్నగా గీసి తర్వాత పెంచితే పాడవుతుంది. స్క్రీన్ మీద మిలమిలలాడే నీలాలు, ఆకుపచ్చలు కాగితం మీద మందగిస్తాయి, ఎందుకంటే స్క్రీన్‌ది వెలుగు, కాగితానిది ఇంకు.

టాబ్లెట్‌లో నాకు బాగా నచ్చింది వేరే ఒకటి. ప్రోక్రియేట్ లాంటి యాప్‌లు నువ్వు గీసిందంతా టైమ్‌లాప్స్‌గా దాచిపెడతాయి. జనాలు దాన్ని రీల్స్ కోసం వాడతారు. నువ్వు ఒంటరిగా కూర్చొని చూడు. ఎక్కడ మొదలుపెట్టావు, దేని చుట్టూ తచ్చాడావు, ఏ చోటును ఎన్నిసార్లు మార్చావు, దేన్ని చివరికి నెట్టావు, అంతా కనబడుతుంది. ఏ గురువూ ఇంత వివరంగా చెప్పలేడు. బొమ్మ ఎట్లా ఉందన్నది తర్వాత, నీ నిర్ణయాల వరుస ఏమిటో అందులో దొరుకుతుంది.

మట్టికి చివర పో, కానీ తప్పకుండా పో. ఫోటో చూసి ముఖాలు గీసేవాళ్లకు తల వెనక భాగం తెలియదు. చెవి వెనక ఏముంటుందో, మెడ పుర్రెను ఎక్కడ కలుస్తుందో మట్టి అడుగుతుంది, జవాబు చెప్పక తప్పదు. ఆరి, కాలే సరికి మట్టిని బట్టి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది, అందుకని కొంచెం పెద్దగా చెయ్యి. లోపల బోలుగా ఉంచు, గోడ మందం అంతటా ఒకేలా వేలి మందం దాటకుండా చూడు, నెమ్మదిగా ఆరనివ్వు. తడి లోపలుండగా బట్టీలో పెడితే పగిలిపోతుంది. దగ్గర్లో కుమ్మరి బట్టీ ఉంటే మర్యాదగా అడిగి, వాళ్ల కుండలతో పాటు పెట్టించుకో. వాళ్లు "ఇది నిలవదు" అంటే వాదించకు.

కుదిరితే ఆసిఫాబాద్ వైపు పోయినప్పుడు ఓజుల డోక్రా పని చూడు. మట్టి గడ్డ మీద మైనపు దారాలు చుట్టి బొమ్మ చేసి, పైన మట్టి కప్పి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. చేసింది ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి, మధ్యలో చూసుకునే అవకాశమే లేదు. ఇత్తడి రూపాన్ని మైనంలో ఉండగానే చూడగలిగే కన్ను అది. పెంబర్తిలో రేకును లక్క మీద పరిచి మెల్లగా ఉబ్బెత్తు తేవడం కూడా చూడదగ్గదే, జనగామ దాకా పోతే చాలు.

డబ్బు సంగతి. పెన్సిల్ ఆర్డర్లు మానకు, కొత్త పనికి ఖర్చులు అవే పెడతాయి. పెన్సిల్ పోర్ట్రెయిట్ అడిగినవాళ్లకు లినో అంటగట్టకు, వాళ్లు కోరుకున్నది వాళ్ల నాన్న ముఖం, నీ ప్రయోగం వాళ్లకు అక్కర్లేదు. కొత్త పని కొన్నాళ్లు ఎవరికీ చూపించకపోయినా ఫరవాలేదు. లైకులు ఎప్పుడూ పాత పని వైపే లాగుతాయి. లినోలో ఒక సౌలభ్యం ఉంది, ఒక బ్లాకు నుంచి చాలా అచ్చులు తీయొచ్చు కాబట్టి తక్కువ ధరకు ఇవ్వగలవు. ఎన్ని తీయాలో ముందే తేల్చుకొని, ప్రతి అచ్చు కింద ఎడమ వైపు 3/20 అన్నట్టు నంబరు, కుడి వైపు సంతకం పెన్సిల్‌తో పెట్టు. ఇరవై అని రాశాక ఇరవై ఒకటోది తీయకూడదు.

మొదటి అచ్చులు తీశాక ఫోటోలు ఇక్కడ పెట్టు. బ్లాకు ఫోటో కూడా పెట్టాలి. అచ్చు కన్నా బ్లాకు చూస్తేనే ఎక్కడ తొందరపడ్డావో, ఎక్కడ ఆగి ఆలోచించావో నాకు తెలుస్తుంది.